మెదడు గీతలను వాంగ్మూలంగా తీసుకోవద్దని మనవి

నేరాలను విచారించే న్యాయమూర్తులకు, దర్యాప్తు అధికారులకు, ఫోరెన్సిక్ ప్రయోగశాలలను నడిపే శాస్త్రవేత్తలకు నమస్కరించి రాయునది.

నేను ఇరవై ఆరేళ్లు ఈఈజీ గదిలో పనిచేసి రిటైరయ్యాను. మూర్ఛ రోగుల తలపై ఎలక్ట్రోడ్లు అతికించడం, మెదడు నుంచి వచ్చే విద్యుత్ సంకేతాలను రికార్డు చేయడం, ఆ రికార్డులో పనికివచ్చే భాగమేదో పనికిరానిదేదో గుర్తుపెట్టి న్యూరాలజిస్టుకు అందించడం నా ఉద్యోగం. అబద్ధాలను పట్టుకునే పరీక్ష నేనెప్పుడూ చేయలేదు. అయితే ఆ పరీక్షకు వాడే యంత్రం, తీగలు, జెల్లు, తెర మీద పాకే గీతలు నాకు కొట్టిన పిండి. 'మెదడు చెప్పిన నిజం' అన్న మాట ముందు నివేదికల్లోకి, ఆ తరువాత వార్తల్లోకి, కొన్నిసార్లు తీర్పుల్లోకి కూడా ఎక్కడం చూసి ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను. మెదడు చర్యను కొలిచి ఇచ్చే ఏ ఫలితాన్నీ, అది ఈఈజీతో వచ్చినా, మెదడులో రక్త ప్రవాహపు మార్పులను చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కానుతో వచ్చినా, ఒక మనిషి అబద్ధమాడాడనడానికి గాని నేరం చేశాడనడానికి గాని రుజువుగా తీసుకోవద్దని, విచారణ గదిలో అతని చేత ఒప్పించడానికి దాన్ని ఆయుధంగా అసలే వాడవద్దని నా మనవి.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత అందరికీ తెలిసిందే. అబద్ధాన్ని పట్టే యంత్రాల చరిత్ర చాలావరకు ఆ సామెతలో ఇమిడిపోతుంది. మాటను నమ్మలేం కనుక ఒంటిని అడుగుదామన్నది అందులోని ఊహ. పాలిగ్రాఫ్ ఆ భుజాల స్థానంలో రక్తపోటును, ఊపిరిని, అరచేతి చెమటను పెట్టింది. భుజాలు తడుముకున్నవాడు దొంగే కానక్కర్లేదు. బరువులు మోసి భుజం నొప్పి పుట్టినవాడు కావచ్చు, తన పేరు ఎక్కడ బయటికొస్తుందోనని ఊరికే బెదిరేవాడు కావచ్చు. 1923లో అమెరికాలో ఫ్రై కేసులో రక్తపోటు ఆధారంగా చేసిన సత్యశోధన పరీక్షను కోర్టు అనుమతించలేదు. ఆ రంగంలోని శాస్త్రజ్ఞుల సాధారణ ఆమోదం దానికింకా రాలేదన్నది కారణం. మెదడు పరీక్షల పక్షాన ఇప్పుడు వినిపిస్తున్న వాదన ఏమిటంటే, భుజాలతోనూ భయంతోనూ మాకు పని లేదు, అబద్ధం పుట్టే చోటికే నేరుగా వెళ్తున్నామని. వినడానికి బాగానే ఉంది. ఆ చోట నిజంగా కొలుస్తున్నదేమిటో చెప్పడానికి ముందు నా గదిలో సంగతి ఒకటి చెప్పాలి.

తలపై చర్మం మీద మనకు అందే ఈఈజీ సంకేతం మామూలుగా పదుల మైక్రోవోల్టుల్లో ఉంటుంది. ఒక మైక్రోవోల్టు అంటే వోల్టులో పది లక్షల వంతు. రోగి ఒక్కసారి కన్ను ఆర్పితే నుదుటి దగ్గరి ఎలక్ట్రోడ్లలో అంతకంటే చాలా పెద్ద అల లేస్తుంది. దవడ బిగిస్తే కణతల దగ్గరి గీతలు మసి పూసినట్టు దట్టమైపోతాయి. నాలుక కదిపినా, నుదుటికి చెమట పట్టినా, ఒక ఎలక్ట్రోడు కింద జెల్లు ఆరినా తెర మీద ఏదో ఒక ఆకారం తయారవుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రికార్డులో లయ తప్పకుండా వస్తున్న గుంపులు గుంపుల అలలను చూసి మూర్ఛ వచ్చిందనుకొని పరుగున వెళ్లి డాక్టరు గారిని పిలుచుకొచ్చాను. ఆయన తెర వైపు చూడనే లేదు. మంచం మీద ఉన్న పిల్లవాడి వైపు చూసి, "నోట్లోది ఉమ్మెయ్ నాన్నా" అన్నారు. వాడు చూయింగ్ గమ్ నములుతున్నాడు. ఉమ్మేయగానే గీతలు నిమ్మళించాయి. గీత కంటే ముందు మనిషిని చూడడం ఆ రోజు నుంచి నాకు అలవాటైంది. రోగి మనసారా సహకరించి, కదలకుండా పడుకుంటేనే ఇంత తంటా. రెండు రోజులుగా నిద్ర లేనివాడు, మంచి రికార్డు రావడం తనకే ఇష్టం లేనివాడు, గది బయట పోలీసులు నిలబడి ఉన్నారని తెలిసినవాడు ఇచ్చే రికార్డు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఈఈజీని ఆధారం చేసుకున్న నేర పరీక్షల్లో కాస్త గట్టి శాస్త్రీయ పునాది ఉన్నది పీ300 అనే అల మీద నడిచేది. శామ్యూల్ సటన్, ఆయన సహచరులు 1965లో వర్ణించిన ఈ అల, చూసేవారికి ప్రత్యేకమైనదిగా తోచే వస్తువో మాటో ఎదురైనప్పుడు సుమారు 300 మిల్లీసెకన్ల తరువాత, చాలాసార్లు ఇంకాస్త ఆలస్యంగా, లేస్తుంది. నడినెత్తి నుంచి వెనుకవైపు ఇది బాగా కనిపిస్తుంది. ఒక్కసారి చూపిస్తే మిగతా అలల రొదలో ఇది దొరకదు కనుక, అదే వస్తువును పదే పదే చూపించి, వచ్చిన రికార్డులన్నిటి సగటు తీయాలి. దీన్ని నేర పరిశోధనకు ముడిపెట్టిన ఊహ ఇంకా పాతది. 1959లో డేవిడ్ లిక్కెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త "నువ్వు చేశావా" అని అడగడం మాని, నేరం చేసినవాడికి మాత్రమే తెలిసే వివరం ఇతనికి తెలుసో లేదో పరీక్షించే పద్ధతిని ప్రతిపాదించాడు. దొంగిలించిన ఉంగరాన్ని గోడగడియారం వెనుక దాచారనుకోండి. గడియారం, అద్దం, పటం, పూలకుండీ, దిండు బొమ్మలను ఒకదాని వెంట ఒకటి చూపిస్తూ పోతే, సంగతి తెలియనివాడికి అయిదూ ఒకటే. తెలిసినవాడికి గడియారం దగ్గర అల పెద్దదవుతుంది. 1991లో లారెన్స్ ఫార్వెల్, ఇమాన్యుయెల్ డోంచిన్ ఈ పద్ధతిని పీ300తో చేసి చూపించారు. తరువాత ఫార్వెల్ దీన్ని బ్రెయిన్ ఫింగర్‌ప్రింటింగ్ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చారు. ఆ పేరు పెట్టడంలోనే సగం పని జరిగిపోయిందని నా అభిప్రాయం. వేలిముద్ర అనగానే తిరుగులేనిదన్న భావం వినేవారి మనసులో ముందే కూర్చుంటుంది.

ప్రయోగశాలలో ఈ పద్ధతి పనిచేస్తుందన్న మాటను నేను కాదనను. అది పట్టుకునేది గుర్తింపును, అంతవరకే. ఉంగరం గడియారం వెనుక ఉందని దొంగకు తెలుసు. వెతికి తీసిన కానిస్టేబులుకు తెలుసు. పోగొట్టుకున్న ఇంటివారికి తెలుసు. మరునాడు పత్రిక చదివినవాడికి తెలుసు. "గడియారం వెనుకే ఎందుకు పెట్టావురా" అని రాత్రంతా అడిగించుకున్న అమాయకుడికి కూడా తెల్లవారేసరికి తెలిసిపోతుంది. వీళ్లందరికీ గడియారం బొమ్మ దగ్గర అల లేస్తుంది. అటువంటి గడియారమే తన ఇంట్లో ఉన్నవాడికీ లేవవచ్చు. మరోవైపు, చీకట్లో ఉంగరాన్ని చేతికందిన చోట దోపి పారిపోయినవాడు అది గడియారమో పటమో గమనించకపోయి ఉంటే, అసలు దొంగకు ఏ అలా రాదు. కాబట్టి ఈ పరీక్ష ఫలితంలో పెద్ద భాగం యంత్రం ఆన్ చేయకముందే తేలిపోతుంది. వివరాలను ఎవరు ఎంచుకున్నారు, అవి నిజంగా ఎక్కడా పొక్కలేదా, పరీక్ష చేసే వ్యక్తికి 'సరైన' వస్తువేదో ముందే తెలుసా, అవే బొమ్మలను ఏ పాపం ఎరుగని పదిమందికి చూపించి చూశారా అన్నవి అసలైన ప్రశ్నలు. వీటికి జవాబులు వెతకాల్సింది కేసు డైరీలో.

తప్పించుకోవాలనుకునేవాడికి ఈ పరీక్షను చెడగొట్టడం ఎంత సులువో కూడా తెలుసుకోవాలి. 2004లో జె. పీటర్ రోసెన్‌ఫెల్డ్ బృందం కొందరికి చిన్న చిట్కాలు నేర్పింది. సంబంధం లేని బొమ్మ వచ్చినప్పుడల్లా ఎవరికీ కనిపించకుండా వేలితో తొడను నొక్కాలి, లేదా బూటులో బొటనవేలు కదపాలి, లేదా పరీక్ష చేస్తున్నాయన తమను చెంపదెబ్బ కొట్టినట్టు ఊహించుకోవాలి. ఇలా చేస్తే సంబంధం లేని బొమ్మలు కూడా ప్రత్యేకమైనవైపోతాయి, వాటికీ అలలు లేస్తాయి. ఒక పద్ధతిలో 82 శాతం మందిని పట్టుకున్న పరీక్ష ఈ చిట్కాల తరువాత 18 శాతం మందినే పట్టుకోగలిగింది. రోసెన్‌ఫెల్డ్ ఈ పద్ధతికి విరోధి కూడా కాదు. జీవితమంతా దీన్ని మెరుగుపరచడానికే శ్రమించి, తరువాత చిట్కాలను తట్టుకునే మరో పద్ధతిని కూడా రూపొందించాడు. ఇలా తన పరీక్షను తానే పడగొట్టి చూసుకునే శాస్త్రవేత్త మాటకు విలువ ఇవ్వండి, తప్పే రాదని చెప్పే అమ్మకందారు మాటకు ఇవ్వకండి.

గుర్తింపు నుంచి ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ పనిని ఈ మనిషి స్వయంగా అనుభవించాడా లేక విని తెలుసుకున్నాడా అన్నది కూడా చెప్పగలమనే పరీక్ష భారతదేశంలో పుట్టింది. చంపాది రామన్ ముకుందన్ రూపొందించిన ఈ పరీక్షను బీఈఓఎస్ (బ్రెయిన్ ఎలక్ట్రికల్ ఆసిలేషన్ సిగ్నేచర్) అంటారు; పత్రికల్లో బ్రెయిన్ మ్యాపింగ్ అన్న పేరు దీనికీ, పీ300 పరీక్షకూ కలిపి వాడేస్తున్నారు. ఇందులో నిందితులు కళ్లు మూసుకొని నిశ్శబ్దంగా కూర్చుంటారు. దర్యాప్తు అధికారుల ఊహ ప్రకారం తయారుచేసిన వాక్యాలను ఉత్తమ పురుషలో వినిపిస్తారు: నేను విషం కొన్నాను, నేను అతణ్ని కలిశాను అన్నట్టు. జవాబు చెప్పనక్కర్లేదు, వింటే చాలు. 2008లో పుణే సెషన్స్ కోర్టు ఒక హత్య కేసులో యువతికి యావజ్జీవ శిక్ష వేస్తూ ఈ పరీక్ష ఫలితాన్ని కూడా పరిగణనలోకి తీసుకోవడంతో ఇది ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. ఆ కేసులో వేరే సాక్ష్యాలు కూడా ఉన్నాయి, దాని మంచిచెడ్డలు నేను తేల్చేవి కావు. నాకు అర్థం కానిదల్లా ఒకటే. "నేను విషం కొన్నాను" అన్న వాక్యాన్ని చీకట్లో కళ్లు మూసుకొని విన్న మనిషి ఆ దుకాణాన్ని, ఆ పొట్లాన్ని, చాచిన తన చేతిని ఊహించుకోకుండా ఉండగలడా? కొన్ని వారాలుగా అదే ప్రశ్నను ఎదుర్కొంటున్నవాడు ఆ దృశ్యాన్ని అప్పటికే ఎన్నిసార్లు మనసులో చూసి ఉంటాడు? అనుభవాన్నీ, పదే పదే ఊహించిన దృశ్యాన్నీ విడదీసి చెప్పగలమంటే, స్వతంత్రంగా పనిచేసే ఇతర ప్రయోగశాలలు అదే పరీక్షను చేసి అదే ఫలితం చూపించి ఉండాలి. పరీక్షను అమలుచేయడానికి చూపిన తొందరలో ఆ పని వెనుకబడిపోయింది.

జ్ఞాపకం గురించి ఇక్కడే ఒక మాట. 2010లో జెస్సీ రిస్మన్, హెన్రీ గ్రీలీ, ఆంథొనీ వాగ్నర్ ఎఫ్ఎంఆర్ఐతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని ముఖాలను చూపించి, తరువాత వాటిని కొత్త ముఖాలతో కలిపి మళ్లీ చూపించారు. ఈ ముఖాన్ని ముందు చూశానన్న భావన ఆ మనిషికి కలిగిందా లేదా అన్నది మెదడు చర్యను బట్టి కంప్యూటరు బాగానే చెప్పగలిగింది. నిజంగా చూశాడా లేదా అన్నది మాత్రం సరిగా చెప్పలేకపోయింది. చూశాననుకోవడానికీ చూడడానికీ ఉన్న తేడా ఆ మనిషికే తెలియనప్పుడు యంత్రానికి తెలియలేదు. పొరపాటున ఒక అమాయకుణ్ని గుర్తుపట్టిన సాక్షికి ఈ పరీక్ష చేస్తే, అతను మనస్ఫూర్తిగా గుర్తుపట్టాడని ఫలితం వస్తుంది. అతను మనస్ఫూర్తిగానే పొరబడ్డాడు మరి.

ఇక ఎఫ్ఎంఆర్ఐ. ఇది మెదడు కణాల పనిని నేరుగా కొలవదు. పని జరిగిన చోటికి ప్రాణవాయువుతో కూడిన రక్తం ఎక్కువగా చేరడం వల్ల కలిగే అయస్కాంత మార్పును కొలుస్తుంది, ఆ మార్పు తారస్థాయికి చేరడానికి అయిదారు సెకన్లు పడుతుంది. 2002లో డేనియల్ లాంగిల్‌బెన్ బృందం ఒక పేకముక్కను, కళావరు అయిదును, ప్రయోగంలో పాల్గొన్నవారి చేతికిచ్చి అది తమ దగ్గర లేదని చెప్పమంది. లేదని చెప్పినప్పుడు మెదడు ముందు భాగంలో కొన్నిచోట్ల చర్య పెరిగింది. దాని వెంట ఎన్నో అధ్యయనాలు, కొన్ని కంపెనీలు పుట్టుకొచ్చాయి. అయితే ఆ భాగాలు అబద్ధానికే కేటాయించినవి కావు. నాలుక చివరి దాకా వచ్చిన మాటను ఆపుకోవడానికి, రెండింటిలో ఒకటి ఎంచుకోవడానికి, తప్పు చేశానేమోనని సరిచూసుకోవడానికి కూడా అవే పనిచేస్తాయి. పైగా చెప్పమంటే చెప్పిన అబద్ధం ఏపాటి అబద్ధం? పట్టుబడితే పోయేదేమీ లేదు, మోసపోయేవాడు కూడా లేడు, ఎదుటివారికి ముందే తెలుసు. జాషువా గ్రీన్, జోసెఫ్ పాక్స్‌టన్ 2009లో ఈ లోపాన్ని కొంత దాటారు. నాణెం బొమ్మా బొరుసా అని మనసులో ఊహించుకొని, సరిగ్గా ఊహించామో లేదో తామే చెప్పి డబ్బు తీసుకునే ఏర్పాటు చేశారు. మోసం చేయమని ఎవరూ చెప్పలేదు. నిజాయితీగా ఆడినవారికి నిజం చెప్పడానికి అదనపు శ్రమ పడిన గుర్తులు కనిపించలేదు. మోసం చేసినవారికి మాత్రం అబద్ధం చెప్పినప్పుడే కాక, అబద్ధం మానుకొని నష్టపోయినప్పుడు కూడా ఆ నియంత్రణ భాగాల్లో చర్య పెరిగింది. అంటే ఊగిసలాడి చివరికి నిజం చెప్పినవాడు కూడా తెర మీద అబద్ధికుడిలాగే కనిపించే ప్రమాదం ఉంది.

2011లో జార్జియో గానిస్ బృందం ఇక్కడ కూడా చిట్కాల పరీక్ష పెట్టింది. వేళ్లను, కాలివేళ్లను కనీకనిపించకుండా కదపమని నేర్పితే, నూటికి నూరు పాళ్లు సరిగా తేల్చిన పరీక్ష 33 శాతానికి పడిపోయింది. ఎఫ్ఎంఆర్ఐ లెక్కలు ఎంత జాగ్రత్తగా వేయాలో చెప్పడానికి ఆ రంగం వారే తరచు చెప్పుకునే సంగతి ఒకటుంది. 2009లో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించి, వారి మనోభావమేమిటని అడిగారు. వేల బిందువులను ఒకేసారి పోల్చేటప్పుడు చేయాల్సిన గణాంక సవరణ చేయకుండా లెక్కవేస్తే చేప మెదడులో 'చర్య' కనిపించింది. సవరణ చేస్తే పోయింది. నివేదిక చేతికొచ్చినప్పుడు ఏ సవరణలు చేశారన్నది అడగకపోతే, మీ ముందున్నది మనిషి సంగతో చేప సంగతో మీకు తెలిసే దారి లేదు.

కోర్టులో ఈ పరీక్షను దగ్గరగా పరిశీలించిన సందర్భం 2010లో అమెరికాలోని టెనెసీ ఫెడరల్ కోర్టులో వచ్చింది. వైద్య బిల్లుల మోసం కేసులో నిందితుడైన ఒక మనస్తత్వ నిపుణుడు తాను మోసం చేయాలనుకోలేదని నిరూపించుకోవడానికి తానే ఒక కంపెనీ దగ్గర ఎఫ్ఎంఆర్ఐ చేయించుకున్నాడు. రెండు అంశాల మీద స్కాన్ చేశారు. ఒకదానిలో నిజం చెబుతున్నాడని, ఇంకోదానిలో అబద్ధమాడుతున్నాడని వచ్చింది. అలసట వల్ల అలా వచ్చి ఉంటుందని ఆ రెండోదాన్ని మరోరోజు మళ్లీ చేశారు. ఈసారి నిజమేనని వచ్చింది. పరీక్ష జరుగుతున్నట్టు ప్రాసిక్యూషనుకు ముందుగా తెలియదు. అతని వయసు 63; పరీక్షకు ఆధారమైన అధ్యయనాల్లో పాల్గొన్నవారు 18 నుంచి 50 ఏళ్ల లోపువారు. అధ్యయనాల్లో అప్పటికప్పుడు చేసిన చిన్న పనుల గురించి అడిగారు. ఇతణ్ని అడిగింది ఏళ్ల కిందట తన ఉద్దేశమేమిటని. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, ఏ ఒక్క ప్రశ్నకు ఇచ్చిన జవాబు నిజమో అబద్ధమో తాను చెప్పలేనని, మొత్తం మీద నిజం చెబుతున్నాడని మాత్రమే చెప్పగలనని కంపెనీ తరఫున వచ్చిన నిపుణుడే ఒప్పుకున్నాడు. కోర్టు ఆ సాక్ష్యాన్ని అనుమతించలేదు. 2012లో అప్పీలు కోర్టు కూడా దాన్ని సమర్థించింది. ఆ విచారణలో అడిగిన ప్రశ్నలనే మీ ముందుకు వచ్చే ప్రతి నివేదికకూ వేస్తే చాలావరకు నా లేఖతో పనే ఉండదు.

"నూటికి ఎనభై, తొంభై సరిగా చెబితే చాలదా" అని ఒక అధికారి నన్ను అడిగారు. చాలదు, ఎందుకో లెక్క చెబుతుంది. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2003లో పాలిగ్రాఫ్ మీద ఇచ్చిన నివేదికలో ఒక ఉదాహరణ ఉంది. పదివేల మంది ఉద్యోగుల్లో పదిమంది గూఢచారులున్నారనుకొని, అందులో ఎనిమిదిమందిని పట్టేలా పరీక్షను బిగిస్తే, వాళ్లతోపాటు దాదాపు 1,600 మంది నిర్దోషులు కూడా పట్టుబడతారు. తప్పు చేసినవారు అరుదుగా ఉన్న గుంపు మీద పరీక్షను ప్రయోగిస్తే, కొలిచేది అరచేతిలో చెమటైనా మెదడులో రక్తమైనా, ఈ లెక్క మారదు.

తప్పు ఫలితం కోర్టు దాకా రాకుండానే చేసే హాని గురించి ఎక్కువగా చెప్పాలనుకున్నాను, ఎందుకంటే దాన్ని పట్టుకోవడం కష్టం. 1973లో కనెటికట్ రాష్ట్రంలో తల్లి హత్య కేసులో 18 ఏళ్ల కుర్రవాణ్ని గంటల తరబడి ప్రశ్నించి, పాలిగ్రాఫ్‌లో నువ్వు తప్పావని చెప్పారు. యంత్రం చెబుతోంది కదా, తనకు గుర్తులేకపోయినా తానే చేసి ఉంటానని ఆ కుర్రవాడు నమ్మడం మొదలుపెట్టి, నేరం ఒప్పుకుంటూ సంతకం చేశాడు. శిక్ష పడింది, తరువాత దాన్ని రద్దుచేశారు, చివరికి అభియోగాలు కొట్టేశారు. అరచేతి చెమట మాటకే ఒక మనిషి తన జ్ఞాపకాన్ని తాను నమ్మడం మానేశాడు. "నీ మెదడే చెప్పేసింది, ఇంకా దాస్తావేం" అన్న మాటకు ఎందరు నిలబడగలరు? పరీక్ష ఫలితం సాక్ష్యంగా చెల్లదని చట్టం చెప్పినా, ఆ ఫలితాన్ని చూపించి రాబట్టిన ఒప్పుకోలులో అది దాక్కొని లోపలికి వస్తుంది. కాగితం మీద దాని జాడ కూడా ఉండదు.

అంగీకారం సంగతి కూడా ఇక్కడే ఉంది. భారత సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో, నిందితుల ఇష్టానికి విరుద్ధంగా నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలిగ్రాఫ్, మెదడు పరీక్షలు చేయడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదనే 20(3), ప్రాణానికీ వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణ ఇచ్చే 21 రాజ్యాంగ అధికరణాలకు విరుద్ధమని తేల్చింది. ఇష్టపూర్వకంగా చేయించుకున్నా ఆ ఫలితం తనంతట తాను సాక్ష్యం కాదని కూడా చెప్పింది. దాని ద్వారా తరువాత బయటపడిన వస్తువునో సమాచారాన్నో మాత్రం చట్టప్రకారం స్వీకరించవచ్చు. మంచి తీర్పు. అయితే కస్టడీలో ఉన్నవాడి ముందు కాగితం పెట్టి, "ఏమీ చేయనివాడివైతే సంతకానికి భయమెందుకు" అంటే, ఆ సంతకాన్ని ఇష్టపూర్వకమనడానికి నాకు నోరు రావడం లేదు. ఒప్పుకుంటే పరీక్ష, కాదంటే అనుమానం. ముందు నుయ్యి వెనుక గొయ్యి. అందుకే ఈ విషయంలో ఫ్రాన్స్ చేసిన పని నాకు నచ్చింది. న్యాయ నిపుణుల పరీక్షల్లో మెదడు చిత్రణకు చోటిచ్చిన 2011 చట్టాన్ని 2021లో సవరించి, ఎఫ్ఎంఆర్ఐ వంటి క్రియాత్మక చిత్రణను అందులోంచి తీసేశారు. అక్కడ అడగడమూ లేదు, కాదనడమూ లేదు.

నిర్దోషి తానే వచ్చి పరీక్ష చేయమని బతిమాలితే ఏం చేయాలన్న ప్రశ్న నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. అయోవా రాష్ట్రంలో 1978లో హత్య కేసులో శిక్షపడి, రెండు దశాబ్దాలకు పైగా జైల్లో ఉన్న ఒకాయన బ్రెయిన్ ఫింగర్‌ప్రింటింగ్ చేయించుకున్నాడు, ఫలితం అతనికి అనుకూలంగా వచ్చింది, 2003లో అక్కడి సుప్రీంకోర్టు శిక్షను రద్దుచేసింది. ఆ పరీక్ష వల్లే బయటపడ్డాడని ప్రచారం జరిగింది. తీర్పు చదివితే కారణం వేరు: మరో అనుమానితుడి గురించిన పోలీసు నివేదికలను ప్రాసిక్యూషను అప్పట్లో అతని లాయరుకు ఇవ్వకుండా దాచింది. అలమరాలో ఉన్న కాగితాలు అతణ్ని విడిపించాయి. ఒకడికి అనుకూలంగా వచ్చిన ఫలితాన్ని నమ్మి వదిలేస్తే, ప్రతికూలంగా వచ్చిన తరువాతివాణ్ని ఆపే మాట మన దగ్గర ఉండదు. అందుకని ఈ విషయంలో కూడా నా సమాధానం వద్దనే, మనసు చివుక్కుమన్నా.

ఒక దిద్దుబాటు కూడా చేసుకోవాలి. మెదడు బొమ్మ చూపిస్తే చాలు జనం ఏదైనా నమ్మేస్తారని నేను చాలాకాలం చెబుతూ వచ్చాను. 2008లో వచ్చిన ఒక అధ్యయనం ఆధారంగా ఎందరో ఆ మాటే అన్నారు. 2013లో మరో బృందం ఆ ప్రయోగాన్ని పలుమార్లు చేసి చూస్తే బొమ్మ ప్రభావం దాదాపు కనిపించలేదు. కాబట్టి న్యాయమూర్తులు రంగుల బొమ్మలకు బోల్తాపడతారని నేననను. నివేదికలో ఏం రాయలేదో చూడడానికి మీకు అవకాశం ఇవ్వడం లేదన్నదే నా ఫిర్యాదు.

ఆ అవకాశం మీ చేతుల్లోనే ఉంది. చట్టం ఈ పరీక్షను ఇంకా అనుమతిస్తున్న చోట, దర్యాప్తులో దారి వెతుక్కోవడానికైనా దీన్ని చేయించాలని మీకు అనిపిస్తే, దయచేసి వివరాలను ఎంచినవారిని, పరీక్ష చేసేవారిని వేరు వేరుగా ఉంచండి. నిందితుడెవరో, సరైన వివరమేదో పరీక్షకులకు తెలియనివ్వకండి. నిందితుడికి ఏయే సంగతులు ఎప్పుడు ఎలా తెలిశాయో రాతపూర్వకంగా నమోదుచేయండి. గది అంతా కనిపించేలా వీడియో తీయించండి. అతని దవడ, చేతులు, పాదాలు కూడా అందులో పడాలి. ఫలితాన్ని అతనికి చెప్పి ప్రశ్నించడాన్ని నిషేధించండి. ప్రయోగశాలలు తమ పరీక్షలో ఎంతమంది నిర్దోషులు తప్పుగా పట్టుబడ్డారో, ఎటువంటివారి మీద పరీక్షించి ఆ లెక్క తేల్చారో ప్రకటించేదాకా నివేదికలు రాయడం ఆపాలి.

చివరగా, 'అనుభవం ఉన్నట్టు తేలింది' అన్న ఒక్క వాక్యంతో ముగిసే నివేదికను వెనక్కి పంపి, సగటు తీయకముందు ఉన్న ముడి రికార్డు మొత్తాన్ని రెండు పక్షాలకూ ఇప్పించండి. ఎన్నిసార్లు చూపించారు, ఎన్ని పనికిరావని తీసేశారు, ఎందుకు తీసేశారు అన్న పట్టిక దానితో జతచేసి ఉండాలి. నాలాగా ఈ గీతల మధ్య ఉద్యోగం చేసి విరమించినవారు ఎందరో ఉన్నారు. ఏది కనురెప్ప, ఏది దవడ, ఎక్కడ ఎలక్ట్రోడు ఊడింది అన్నది కూర్చొని చూసి చెప్పడానికి మాకు ఒక పూట చాలు.

ఇట్లు,
విధేయురాలు,
ఒక రిటైర్డ్ ఈఈజీ టెక్నీషియన్